వాన లేదు, అయినా ఇల్లు కురుస్తోంది

మన ఊళ్లో స్లాబు కారితే కారణం కోసం పెద్దగా వెతుక్కోనక్కర్లేదు. పైన ఎక్కడో బీట వారింది, వాన నీరు దిగింది. మేస్త్రీ వచ్చి తూము దగ్గర చూస్తాడు, పిట్టగోడ మొదలు చూస్తాడు, సిమెంటు పాలు పోసి వెళ్తాడు. కెనడాలోని మాంట్రియల్ నగరంలో జనవరి నెలలో ఇల్లు కురిస్తే ఈ లెక్క కుదరదు. బయట సున్నాకు 20 డిగ్రీల దిగువన చలి. వారాలుగా చుక్క వాన లేదు, ఆ చలిలో వాన పడే వీలూ లేదు. డాబా మీద మోకాలెత్తు మంచు గట్టిపడి కూర్చుంది. అయినా ఒకరోజు కాస్త ఎండ కాయగానే హాల్లో లైటు బిగించిన చోటి నుంచి నీళ్లు చుక్కలు చుక్కలుగా రాలతాయి. పైకెక్కి మంచు పక్కకు తోసి చూస్తే తారు పొర ఎక్కడా చెక్కు చెదరలేదు.

ఆ నీరు పైనుంచి దిగింది కాదు, కింది నుంచి ఎక్కింది. ఇంట్లోవాళ్లు విడిచిన ఊపిరి, పొయ్యి మీద ఉడికిన పప్పు, వేణ్నీళ్ల స్నానం, గదిలో ఆరేసిన బట్టలు... ఇవన్నీ గాలిలో కలిపిన ఆవిరే అది. నెల రోజుల పాటు కప్పు పొరల్లోకి చేరి, అక్కడ మంచుగా గడ్డకట్టి, ఎండ తగలగానే కరిగి కిందికి వచ్చింది.

చలిదేశంలో డాబా కట్టేవాడికి వాన కంటే ఇంట్లోని గాలే గట్టి పరీక్ష పెడుతుంది. ఇన్సులేషన్, అంటే వేడి బయటికి పోకుండా ఆపే పొర, ఎంత మందం వేశారని అందరూ అడుగుతారు. కప్పుకు కింద వేశారా, పైన వేశారా అని అడిగేవాళ్లు తక్కువ. ఇల్లు కురుస్తుందా లేదా అన్నది ఎక్కువగా ఆ రెండో ప్రశ్న మీదే ఆధారపడుతుంది.

డాబాల నగరం

చలిదేశపు ఇల్లనగానే మన కళ్ల ముందు మెదిలేది ఏటవాలు కప్పు. మాంట్రియల్ నివాస వీధులు ఆ ఊహకు లొంగవు. 19వ శతాబ్దం చివర, 20వ శతాబ్దం మొదట్లో వెలిసిన అక్కడి పేటల్లో రెండు, మూడు అంతస్తుల ఇళ్లు ఒకదాన్నొకటి ఆనుకుని వరసగా ఉంటాయి. వీధివైపు ఇనుప మెట్లు, పైన చదును కప్పు. ఏడాదికి సుమారు 2 మీటర్ల ఎత్తున మంచు కురిసే ఊరది.

అంత మంచు పడే చోట చదును కప్పు ఎందుకని అడగొచ్చు. ఇళ్లు వీధికి దగ్గరగా ఉన్నప్పుడు ఏటవాలు కప్పు మీది మంచుపెళ్లలు జారి నడిచేవాళ్ల నెత్తిన పడతాయి. చదును కప్పు మీద మంచు పడ్డచోటే ఉంటుంది. నీటి దారి విషయంలోనూ ఆ కట్టుబడిలో మంచి ఆలోచన ఉంది. మన డాబాకు వాటం అంచులవైపు పెడతాం, తూము పిట్టగోడలో ఉంటుంది. అక్కడ వాటం నడుమకు. కప్పు మధ్యలో తూము, అక్కడి నుంచి గొట్టం ఇంటి లోపలి నుంచే దిగి మురుగు కాలువలో కలుస్తుంది. అంచున, బయటిగోడ వెంట గొట్టం పెడితే కరిగిన మంచు అందులోకి రాగానే మళ్లీ గడ్డకడుతుంది. దారి మూసుకుపోయిన నీరు వెనక్కి తిరిగి కప్పులోకి దూరుతుంది. ఇంటి నడుమ దిగే గొట్టాన్ని ఇంటి వెచ్చదనమే గడ్డకట్టకుండా కాపాడుతుంది.

ఈ ఇళ్లలో పైకప్పుకూ, గదిలోంచి కనబడే సీలింగుకూ నడుమ ఒక ఖాళీ ఉంటుంది. కొన్నిచోట్ల జానెడు, కొన్నిచోట్ల మనిషి పాకగలిగినంత. ఎత్తు చాలక అటకగా కూడా పనికిరాదు. కథంతా నడిచేది ఆ చీకటి ఖాళీలోనే.

పెట్టె: గాలి ఎంత నీటిని మోస్తుంది?

గాలి వెచ్చగా ఉంటే ఎక్కువ ఆవిరిని మోస్తుంది, చల్లబడితే తక్కువ. 20 డిగ్రీల దగ్గర ఒక ఘనపు మీటరు గాలి దాదాపు 17 గ్రాముల ఆవిరిని ఉంచుకోగలదు. 0 డిగ్రీల దగ్గర 5 గ్రాముల కంటే కాస్త తక్కువ. −20 దగ్గర సుమారు 1 గ్రాము.

చలికాలంలో ఇంటి గాలి 20 డిగ్రీల వెచ్చదనంతో, 40 శాతం తేమతో ఉందనుకుందాం. అందులో ఘనపు మీటరుకు 7 గ్రాముల ఆవిరి ఉన్నట్టు. ఈ గాలి 6 డిగ్రీలకు చల్లబడేసరికి దాని సామర్థ్యం నిండిపోతుంది. అంతకంటే చల్లని వస్తువు ఏది తగిలినా దాని మీద నీరు పడుతుంది. ఈ 6 డిగ్రీలే ఆ గాలికి మంచుబిందు స్థానం. తేమ 50 శాతానికి పెరిగితే ఆ గీత 9 డిగ్రీలకు ఎక్కుతుంది. నలుగురున్న కుటుంబం రోజుకు 10 లీటర్ల దాకా నీటిని ఆవిరిగా గాలిలోకి వదులుతుంది.

ఇడ్లీ పాత్ర మూత

ఇడ్లీ పాత్ర మూత తీసి చూడండి. లోపలివైపు నీటి బొట్లు వేలాడుతుంటాయి. ఆవిరి అంతా పాత్రలో పుట్టిందే, మూత బయటి గాలికి చల్లబడుతోంది కాబట్టి దాని మీద నీరైంది. మూత పైన మందపాటి గుడ్డ కప్పితే మూతకు వెచ్చదనం నిలుస్తుంది, బొట్లు తగ్గుతాయి. అదే గుడ్డను మూతకు లోపలివైపు కడితే మూత ఇంకా చల్లబడుతుంది. గుడ్డలోంచి దూరిన ఆవిరి అక్కడే నీరై, గుడ్డ తడిసి ముద్దవుతుంది.

మాంట్రియల్ డాబాలో తారు పొరను మోసే చెక్క పలకే ఆ మూత. ఇన్సులేషన్ గుడ్డ. సీలింగు పైన గాజు ఉన్ని పరిస్తే అది మూతకు లోపలివైపు కట్టిన గుడ్డ అవుతుంది. ఇంట్లో వెచ్చదనం నిలుస్తుంది, సందేహం లేదు. కానీ ఆ పైనున్న పలక బయటి చలికి వదిలేసినట్టయింది.

పోలిక ఇక్కడితో ఆగుతుంది. పాత్రలో ఆవిరికి అడ్డేం లేదు, ఇంట్లో మధ్యన సీలింగు ఉంది. ఆవిరి దాన్ని ఎలా దాటుతుంది?

దారులు రెండు. ఒకటి, సీలింగు పదార్థంలోంచే నెమ్మదిగా ఇంకిపోవడం. రెండోది, గాలితో పాటు చిల్లుల్లోంచి ఎక్కిపోవడం. చాలాకాలం మొదటి దారి మీదే దృష్టి ఉండేది. తేడా చూడండి. 4 అడుగుల వెడల్పు, 8 అడుగుల పొడవున్న జిప్సం బోర్డులోంచి ఒక చలికాలమంతా ఇంకిపోయే నీరు ఒక గ్లాసు మించదు. అదే బోర్డుకు ఒక చదరపు అంగుళం చిల్లు పెడితే దాని గుండా గాలితో పోయే నీరు 28 లీటర్లు. చలిదేశపు మామూలు ఇంటికి వేసిన లెక్క ఇది. లైటు బిగించిన రంధ్రం, వైర్లు పోయే సందు, స్నానాలగది గొట్టం చుట్టూ ఉన్న ఖాళీ, గోడా సీలింగూ కలిసే గీత... వీటిని కూడబెడితే ఒక్క చదరపు అంగుళంతో ఆగదు.

గాలి పైకే ఎందుకు పోతుందంటే, 20 డిగ్రీల గాలి కంటే −20 డిగ్రీల గాలి సుమారు 15 శాతం బరువు. బయటి బరువైన గాలి కింది అంతస్తు సందుల్లోంచి లోపలికి తోసుకొస్తుంది. తేలికైన వెచ్చటి గాలి పై అంతస్తు సీలింగును నెడుతుంది. మూడంతస్తుల ఇంట్లో ఈ తోపుడు రాత్రీ పగలూ, చలికాలమంతా ఆగదు. చలి పెరిగినకొద్దీ పెరుగుతుంది కూడా. అంటే పలక ఎప్పుడు బాగా చల్లగా ఉంటుందో సరిగ్గా అప్పుడే తేమ గాలి దాని దగ్గరికి ఎక్కువగా చేరుతుంది.

చేరిన ఆవిరి ఆ చలిలో నీరుగా కూడా ఆగదు, నేరుగా తెల్లటి మంచుపొరగా పలకకు అంటుకుంటుంది. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా అది పేరుకుంటూనే ఉంటుంది. ఇంట్లోవాళ్లకు ఏమీ తెలియదు. ఒక వెచ్చని రోజు రాగానే నెలల సరుకు ఒక్కసారి కరుగుతుంది. అందుకే వాన లేని ఎండపూట ఇల్లు కురుస్తుంది. నీరు లైటు దగ్గరే ఎందుకు కారుతుందో కూడా ఇప్పుడు తెలిసిపోతుంది. ఆవిరి ఎక్కిన రంధ్రం అదే, నీరు దిగడానికి దొరికిన దారీ అదే.

పాత ఇళ్లు ఎందుకు తడవలేదు?

వందేళ్ల కిందటి ఇళ్లలోనూ జనం వండుకున్నారు, స్నానాలు చేశారు. ఆ కప్పులు మాత్రం దశాబ్దాల పాటు పొడిగా నిలిచాయి. కారణం సీలింగు పైన వేడిని ఆపేది పెద్దగా ఏమీ లేకపోవడం. పొయ్యి వేడి కప్పు గుండా ఆకాశానికి పోయేది. ఇంధనం విపరీతంగా ఖర్చయ్యేది కానీ, పోతూ పోతూ ఆ వేడి పలకను వెచ్చగా ఉంచేది. పడిన చెమ్మను ఆరబెట్టేది.

ఇన్సులేషన్ వచ్చాకే చిక్కు మొదలైంది. అమెరికాలో 1930లలో కొత్తగా ఇన్సులేషన్ వేయించిన చెక్క ఇళ్లకు బయటి గోడల రంగు పెచ్చులుగా ఊడటం మొదలైంది. మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఫ్రాంక్ రౌలీ ఈ ఆవిరి కదలికను పరిశోధించి, గోడకు వెచ్చనివైపున ఆవిరిని ఆపే పొర ఉండాలని చెప్పాడు. తర్వాత కెనడా జాతీయ పరిశోధనా మండలి భవన పరిశోధన విభాగం 1960 నుంచి కెనడియన్ బిల్డింగ్ డైజెస్ట్ పేరుతో చిన్న చిన్న పత్రాలు వెలువరించింది. ఇంజనీరుకూ కట్టేవాడికీ కూడా అర్థమయ్యేలా రాసిన పత్రాలవి. ఆవిరి ఇంకడం కంటే గాలి లీకులే పెద్ద దోషమని అవి స్పష్టంగా చూపించాయి. ఒక ప్రభుత్వ పరిశోధన సంస్థ తన జ్ఞానాన్ని ఇంత సరళంగా జనం చేతికి అందించడం నాకు చాలా గొప్పగా అనిపిస్తుంది. అలాంటివి మన భాషలో, మన మేస్త్రీల కోసం రావాల్సినవి ఎన్నో ఉన్నాయి.

1973లో చమురు ధరలు మండిపోయాయి. 1977లో కెనడా ప్రభుత్వం ఇళ్లకు ఇన్సులేషన్ వేయించుకునేవారికి ఆర్థిక సాయం మొదలుపెట్టింది. డాబా ఇళ్ల ఖాళీల్లోకి గొట్టాలతో గాజు ఉన్ని, పాత కాగితాల నుంచి తీసిన సెల్యులోజ్ ఊదించారు. మంచి పనే. అయితే ముందు సీలింగు చిల్లులు మూయకుండా ఉన్ని మాత్రం నింపిన చోట పలక చల్లబడింది, గాలి మాత్రం ఎక్కుతూనే ఉంది. ఉన్ని వేడిని ఆపుతుంది కానీ గాలిని ఆపలేదు.

గాలి ఆడే కప్పు, దాని పరిమితి

ఈ చిక్కుకు పాత పరిష్కారం ఒకటుంది. ఉన్నికీ పలకకూ మధ్య సందు వదిలి, అందులో బయటి గాలి ఆడనివ్వడం. దీన్ని చల్లని కప్పు అంటారు, ఎందుకంటే పలక బయటి చలిలోనే ఉంటుంది. కెనడా నిబంధనల ప్రకారం ఉన్నికీ పలకకూ నడుమ కనీసం 63 మిల్లీమీటర్ల ఎడం ఉండాలి. చదును కప్పుల్లో ప్రతి 150 చదరపు అడుగుల సీలింగుకు 1 చదరపు అడుగు గాలి రంధ్రాలు ఉండాలి. మాంట్రియల్ డాబాల మీద నిలబడి ఉండే రేకు గొట్టాలు ఇందుకోసమే.

ఏటవాలు కప్పులో ఈ పద్ధతి బాగా పనిచేస్తుంది. చూరు దగ్గర చల్లగాలి దూరి, శిఖరం దగ్గర బయటికి పోతుంది. ఎత్తుల తేడాయే గాలిని నడిపిస్తుంది. చదును కప్పులో ఆ తేడా లేదు, కాబట్టి గాలి వీచితేనే కదలిక. వరస ఇళ్లలో పక్కగోడలు మూసే ఉంటాయి. పిట్టగోడలు గాలిని అడ్డుకుంటాయి. మంచు పేరుకుంటే రంధ్రాలే మూసుకుపోతాయి.

ఇంకో పరిమితి అంతకంటే లోతైనది. −20 డిగ్రీల గాలి మోయగలిగేదే ఘనపు మీటరుకు 1 గ్రాము. తడిసిన పలకను ఆరబెట్టాలంటే ఆ గాలి ఎంతని మోసుకుపోగలదు? పైగా మబ్బు లేని రాత్రి కప్పు తన వేడిని నేరుగా ఆకాశానికి వదిలేసి చుట్టూ ఉన్న గాలి కంటే కొన్ని డిగ్రీలు ఎక్కువ చల్లబడుతుంది. మన దగ్గర పుష్యమాసపు తెల్లవారుజామున ఆరుబయట నిలిపిన బండి సీటు తడిసి ఉండటానికి కారణం కూడా ఇదే. అలాంటి రాత్రుల్లో ఆరబెట్టడానికని పంపిన బయటి గాలే పలకకు మంచు అంటించి పోవచ్చు.

అందుకే బ్రిటన్‌లో, ముఖ్యంగా స్కాట్లండ్‌లో, చదును కప్పులకు ఈ పద్ధతిని ప్రోత్సహించరు. ఉన్న ఇంట్లో ఖాళీ ఎత్తుగా ఉండి, సీలింగు చిల్లులన్నీ శ్రద్ధగా మూస్తే ఇది ఇప్పటికీ పనిచేస్తుంది. కొత్తగా కట్టేవాళ్లు మాత్రం దీని జోలికి పోకపోవడమే మేలని నా అభిప్రాయం.

పలక ఎంత వెచ్చగా ఉండాలి?

ఇన్సులేషన్‌ను పలక పైకి ఎక్కించడం రెండో పద్ధతి. దీని పేరు వెచ్చని కప్పు. కూడికలూ తీసివేతలూ వస్తే చాలు, దీని బలం తెలుస్తుంది.

లోపల 20, బయట −20. నడుమ 40 డిగ్రీల తేడా. ఈ తేడా అంతా దాదాపుగా ఇన్సులేషన్ మందంలోనే దిగుతుంది, పలక, సీలింగు ఆపేది స్వల్పం. ఇన్సులేషన్ మొత్తం పలక కింద ఉంటే పలక దాదాపు −20లో ఉంటుంది. సగం కింద, సగం పైన ఉంటే పలక 0 దగ్గర. మూడో వంతు కింద, రెండు వంతులు పైన ఉంటే 7 డిగ్రీలకు దగ్గరగా. మొత్తం పైనే ఉంటే 20కి కాస్త తక్కువ.

మన ఇంటి గాలికి మంచుబిందు స్థానం 6 డిగ్రీలు. సగం సగం వేసినవాడికి పలక తడుస్తుంది. మూడో వంతు కింద ఉంచినవాడు అంచున బయటపడతాడు. మొత్తం మందం అదే, ఖర్చు అదే, మారింది స్థానమే. కెనడా కట్టుబడిలో ఆవిరిని ఆపే పొరకు చలివైపున కనీసం రెండు వంతుల ఇన్సులేషన్ ఉండాలన్న వాడుక ఈ లెక్క నుంచి వచ్చిందే. అయితే ఇంట్లో తేమ 50 శాతముంటే గీత 9 డిగ్రీలకు పెరుగుతుందని చూశాం. అప్పుడు మూడో వంతు లెక్క కూడా చాలదు. ఈత కొలను ఉన్న భవనం, పెద్ద వంటశాల, ఇంట్లో ఎప్పుడూ ఏదో ఒకటి ఉడుకుతుండే ఉమ్మడి కుటుంబం... ఇలాంటిచోట మొత్తం పైన వేయడమే క్షేమం.

పాత ఇంటి ఖాళీలో ఇప్పటికే మందంగా ఉన్ని ఉండి, దాన్ని ముట్టుకోకుండా పైన రెండు అంగుళాల బోర్డు వేయించుకుంటే మంచిదేగా అనుకునేవాళ్లున్నారు. లెక్క ప్రకారం పలక ఇంకా మంచుబిందు స్థానానికి దిగువనే ఉంటుంది. పైగా వెచ్చని కప్పు కదా అని గాలి రంధ్రాలు మూసేస్తే ఆరే దారి కూడా పోతుంది. రంధ్రాలు తెరిచే ఉంచితే చల్లగాలి బోర్డు కింద నుంచే తిరుగుతుంది, బోర్డు దండగ. రెండు పద్ధతుల్లో ఏదో ఒకదాన్నే పూర్తిగా పాటించాలి.

పొర మీద పొర

వెచ్చని కప్పును కింది నుంచి పైకి కట్టుకుంటూ వెళ్దాం. దూలాల మీద చెక్క పలక, లేదా రేకు, లేదా కాంక్రీటు. దాని మీద గాలినీ ఆవిరినీ ఆపే పొర అంటిస్తారు. కప్పు మొత్తంలో ముఖ్యమైనది ఇదే, పైన కనబడే తారు పొర కంటే కూడా. ఇది పిట్టగోడ దగ్గర ఆగిపోకూడదు. గోడలో గాలిని ఆపే పొరతో కలిసి తెగకుండా సాగాలి. కప్పువాళ్లు ఒకరోజు, గోడవాళ్లు ఇంకోరోజు వస్తారు. ఆ మూల ఎవరి పనీ కాకుండా మిగిలిపోతుంది. ఎక్కువ కప్పులు దెబ్బతినేది అక్కడే.

ఆ పైన ఇన్సులేషన్ బోర్డులు. రాతి ఉన్ని కావచ్చు, గట్టి ప్లాస్టిక్ నురగ కావచ్చు, మనం థర్మోకోల్ అనేదాని దగ్గరి చుట్టం కావచ్చు. 20 నుంచి 30 సెంటీమీటర్ల మందం చలిదేశాల్లో మామూలు. స్లాబు ఎంత మందంగా పోస్తే అంత మంచిదనుకునే మనకు ఒక్క పోలిక సంఖ్య చెప్పాలి. ఒక మీటరు మందమున్న కాంక్రీటు ఎంత వేడిని ఆపుతుందో, రెండు సెంటీమీటర్లకు కాస్త పైబడిన రాతి ఉన్ని అంత ఆపుతుంది.

బోర్డులు ఒకే వరసలో వేయకుండా రెండు వరసలుగా, కింది అతుకు మీద పై బోర్డు నడుమ వచ్చేలా పరుస్తారు. అతుకులు ఒకదాని మీద ఒకటి పడితే ఆ సందు గుండా వెచ్చటి గాలి పైదాకా చేరుతుంది. పొడవాటి స్క్రూలతో పలకకు బిగిస్తే ఒక్కో స్క్రూ లోపలి వేడిని పైకి చేరవేస్తుంది. సన్నటి మంచుతెర పరుచుకున్న ఉదయం అలాంటి కప్పు మీద వరసగా గుండ్రటి తడి మచ్చలు కనిపిస్తాయి, ఒక్కో మచ్చ కింద ఒక్కో స్క్రూ. అందుకని కింది వరసను స్క్రూలతో బిగించి, పై వరసను జిగురుతో అంటిస్తారు.

నీటి వాటం కూడా బోర్డుల్లోనే కోసి వస్తుంది. చదును కప్పని పేరే కానీ పూర్తి చదునుగా కట్టకూడదు. 50 అడుగులకు 1 అడుగైనా వాలు ఉండాలి. చివరగా రెండు పొరల తారు మెంబ్రేన్, పై పొర మీద సన్నటి రాతి పలుకులు. దీన్ని గ్యాసు మంటతో కరిగించి అంటించడం వాడుక. చెక్క పలక ఉన్న పాత ఇళ్లలో ఆ మంట సందుల్లోకి దూరితే ఇల్లే అంటుకుంటుంది. అలాంటిచోట మంట లేకుండా తనంతట అతుక్కునే పొర వేయించాలి.

పెట్టె: గుంటూరులో ఇదే సూత్రం తిరగేసి

గుంటూరు చుట్టుపక్కల మిర్చి బస్తాలు దాచే కోల్డ్ స్టోరేజీలు ఎన్నో. అక్కడ చలి లోపల, వేడి బయట. వానాకాలపు గాలిలో ఘనపు మీటరుకు 20 గ్రాముల పైచిలుకు ఆవిరి ఉంటుంది. అది చల్లని గదివైపు దూరుతుంది. మాంట్రియల్‌లో లోపలివైపు వేసే ఆవిరి అడ్డుపొరను ఇక్కడ ఇన్సులేషన్‌కు బయటివైపు వేయాలి. లోపలివైపు వేస్తే థర్మోకోల్ పలకల్లో నీరు పట్టి, అవి చల్లదనాన్ని ఆపే గుణం కోల్పోతాయి, కరెంటు బిల్లు పెరుగుతుంది, బస్తాలకు బూజు ముప్పు వస్తుంది. అడ్డుపొర ఎప్పుడూ వెచ్చనివైపే. ఏది వెచ్చనివైపో ఊరు చెబుతుంది.

తలకిందుల కప్పు

ఇంకో పద్ధతిలో తారు పొరను ముందు పలక మీదే అంటించి, ఇన్సులేషన్‌ను దాని పైన పరుస్తారు. వాన ఇన్సులేషన్ మీదే పడుతుంది, అతుకుల్లోంచి దిగి తారు పొర మీదుగా తూముకు పోతుంది. నీటిలో నానినా తడి పట్టని పదార్థం దొరికాకే ఇది సాధ్యమైంది. ఆ పదార్థం మూసిన గదులున్న పాలిస్టైరీన్ నురగ. దీని మూలం 1930లలో స్వీడన్ ఇంజనీరు కార్ల్ మంటర్స్ చేసిన పని. 1922లో విద్యార్థిగా ఉండగానే మిత్రుడు బాల్ట్సార్ ఫాన్ ప్లాటెన్‌తో కలిసి కదిలే భాగాలు లేని ఫ్రిజ్ కనిపెట్టింది కూడా ఆయనే. అమెరికా సంస్థ డౌ 1940లలో ఈ నురగను స్టైరోఫోమ్ పేరుతో తయారుచేసింది.

ఈ కప్పులో తారు పొరకు దొరికే సుఖం పెద్దది. నల్లటి పొర ఆరుబయట ఉంటే చలికాలంలో −30, వేసవి ఎండలో 70 డిగ్రీలు దాటి కాగుతుంది. సాగి, ముడుచుకుని, ఏళ్లు గడిచేసరికి పగులుతుంది. ఇన్సులేషన్ కిందకు చేరితే ఇంటి గదిలాంటి వాతావరణంలో ఉంటుంది. పైగా అదే పొర వాన నీటికీ, లోపలి ఆవిరికీ రెండింటికీ అడ్డు నిలుస్తుంది. గాలికి బోర్డులు లేచిపోకుండా పైన 5 సెంటీమీటర్ల గులకరాళ్లు పోయాలి. అది చదరపు మీటరుకు దాదాపు 80 కిలోల బరువు. కాంక్రీటు స్లాబుకు ఇది లెక్క కాదు. నూరేళ్ల చెక్క దూలాలకు లెక్కే.

మట్టి డాబా ఊరు

మన దేశంలోనూ చలిలో చదును కప్పులు కట్టుకున్న చోటు ఉంది. లద్దాఖ్‌లో పోప్లర్ దూలాల మీద విల్లో కొమ్మలు పేర్చి, గడ్డి పరిచి, మట్టి మెత్తి డాబా వేస్తారు. లేహ్‌లో శీతాకాలపు రాత్రులు −20కి దిగినా ఏడాది మొత్తానికి పడే వాన, మంచు కలిపి సుమారు 100 మిల్లీమీటర్లే. గాలి పొడి. మట్టి కాస్త చెమ్మ పట్టినా మర్నాటి ఎండకు ఆరిపోతుంది. పశువుల కోసం కప్పు అంచుల్లో పేర్చే ఎండుగడ్డి కూడా చలికి ఇంకో పొర అవుతుంది. అక్కడ ఆవిరి అడ్డుపొర అక్కర్లేదు. అదే మట్టి డాబా మాంట్రియల్‌లో ఒక్క ఏడాది నిలవదు, అక్కడ ఏటా 1000 మిల్లీమీటర్లు పడుతుంది. 2010 ఆగస్టులో లేహ్‌ను ముంచిన కుంభవృష్టి మట్టి ఇళ్లను కూల్చింది. ఆకాశం మారితే కప్పు కూడా మారక తప్పదు.

కరగని మంచు బరువు

ఇన్సులేషన్ బాగా కుదిరిన ఇంటి మీద మంచు కరగదు. ఇల్లు వేడిని కాపాడుకుంటోందనడానికి అది గుర్తు. కానీ వేడి లీకయిన రోజుల్లో ఎప్పటికప్పుడు కొంత కరిగి తూములో పోయిన మంచు ఇప్పుడు మొత్తం నెత్తిన ఉంటుంది. అప్పుడే పడిన మంచు ఘనపు మీటరుకు 100 కిలోల లోపు తూగుతుంది. కొన్ని వారాలకు కుదించుకుపోయి 300 కిలోలకు చేరుతుంది, వాన తడిస్తే ఇంకా బరువెక్కుతుంది. 60 సెంటీమీటర్ల గట్టి మంచు అంటే చదరపు మీటరుకు 150 కిలోలకు పైమాట. ఇన్సులేషన్ పెంచే ముందు దూలాలు ఎంత మోయగలవో ఇంజనీరు చేత లెక్క కట్టించడం తప్పనిసరి.

చెమ్మ, మంచు బరువు కలిస్తే ఏమవుతుందో జర్మనీలోని బాడ్ రైఖెన్‌హాల్ చెబుతుంది. 2006 జనవరి 2న అక్కడి మంచు స్కేటింగ్ శాల చదును కప్పు కూలి 15 మంది చనిపోయారు, ఎక్కువమంది పిల్లలు. కప్పును మోసిన చెక్క దూలాలు జిగురుతో అంటించినవి. ఆ జిగురు తేమకు తట్టుకునే రకం కాదు. శాలలోని చెమ్మ ఏళ్ల తరబడి దాన్ని బలహీనం చేసింది. పైన మంచు చేరిన రోజు అది తెగింది. మంచును అందరూ చూశారు, చెమ్మ ఎవరి కంటా పడలేదు.

ఎప్పుడు చేయించాలి?

మాంట్రియల్, టొరంటో వైపు స్థిరపడిన మనవాళ్లలో ఇలాంటి పాత డాబా ఇల్లు కొనేవాళ్లకు ఒక అవకాశం ఉంది. తారు పొర ఎంత మంచిదైనా ఇరవై, పాతికేళ్లకు మార్చాల్సిందే. దాన్ని ఊడదీసిన రోజు పలక బయటపడుతుంది. నల్లబడిందా, మెత్తబడిందా, బూజు వాసన ఉందా చూడటానికి అదే సమయం. పలక మీద అడ్డుపొర, ఇన్సులేషన్ వేయించడానికి కూడా అదే సమయం, మెంబ్రేన్ కూలీ ఎలాగూ ఇవ్వాల్సిందే కాబట్టి. కొత్త పొర వేసేశాక ఐదేళ్లకు గుర్తొస్తే దాన్ని చీల్చి మళ్లీ మొదలుపెట్టాలి. పైపొర తెల్లటిది ఎంచుకోవడం వేసవికి మంచిది. మాంట్రియల్‌లోని రోజ్‌మాంట్ పేట 2011 నుంచి కొత్త కప్పులకు తెల్లటి లేదా మొక్కల కప్పును తప్పనిసరి చేసింది. 2023లో తెలంగాణ తెచ్చిన కూల్ రూఫ్ విధానం కూడా ఎండను తిప్పికొట్టే కప్పుల కోసమే. అయితే చలిదేశంలో తెల్ల కప్పు ఎండకు తక్కువ కాగుతుంది, కింద పట్టిన చెమ్మ నెమ్మదిగా ఆరుతుంది. కాబట్టి తెలుపు వేసేవాళ్లు లోపలి అడ్డుపొర విషయంలో మరింత గట్టిగా ఉండాలి.

అంత ఖర్చు ఇప్పుడు పెట్టలేనివాళ్లు సీలింగు చిల్లులతో మొదలుపెట్టవచ్చు. లైట్ల చుట్టూ, గొట్టాల చుట్టూ, కప్పు ఖాళీలోకి ఎక్కే తలుపు అంచుల చుట్టూ సీలెంటు, నురగ, రబ్బరు పట్టీ. స్నానాలగది ఫ్యాను గొట్టం కప్పు దాటి బయటిదాకా వెళ్లిందో, ఖాళీలోనే ఆగిపోయిందో పైకి పాకి చూడాలి. ఖాళీలోనే ఆగిన గొట్టం రోజుకు లీటర్ల కొద్దీ ఆవిరిని పలక మీదికే ఊదుతుంది. అన్నం ఉడికేటప్పుడు పొయ్యి పైనున్న ఫ్యాను వెయ్యాలి, అది గాలిని బయటికి పంపే రకమై ఉండాలి. బట్టలు గదిలో ఆరేసే అలవాటు చలికాలం నాలుగు నెలలూ మానుకోవాలి. గోడకు ఒక చిన్న తేమ మీటరు తగిలించుకుంటే సంఖ్య కళ్లెదుటే ఉంటుంది. బయట −20 ఉన్న రోజుల్లో అది 35 దాటకుండా చూసుకుంటే పలక మీద చేరే మంచు చాలా తగ్గుతుంది.